మోటారు వంతు, దీపం వంతు: సిరిసిల్ల కరెంటు చరిత్ర

మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల, దానికి ఉత్తరాన గోదావరి వైపు ఉన్న జగిత్యాల, కోరుట్ల 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా ఒకే కరీంనగర్ జిల్లాలో ఉండేవి. కరెంటు విషయంలో మాత్రం అవి అర్ధ శతాబ్దానికి పైగా రెండు వేర్వేరు ఏలుబడుల కింద ఉన్నాయి. జగిత్యాల, కోరుట్లలకు 1959లో ఏర్పడిన రాష్ట్ర విద్యుత్ బోర్డు, 2000 తరవాత వరంగల్ కేంద్రంగా పనిచేసే ఉత్తర మండల విద్యుత్ పంపిణీ సంస్థ సరఫరా చేస్తూ రాగా, పాత సిరిసిల్ల తాలూకాలో 1970 నుంచి ఆ పనిని వినియోగదారులే సభ్యులుగా ఉన్న సహకార విద్యుత్ సరఫరా సంఘం చూస్తోంది. స్థానికులు దీన్ని 'సెస్' అంటారు. ఈ సంఘం గురించి రాసినవారిలో ఎక్కువమంది దాని ఎన్నికలనూ పాలనా విజయాలనూ చెప్పుకొచ్చారు గానీ, దాని చరిత్రలో అసలు ప్రశ్న మరొకటి: బావి మోటారుకూ, నేత సాంచాకూ, ఇంటి దీపానికీ ఒకే తీగ మీద కరెంటు వచ్చినప్పుడు, అందరికీ చాలని రోజున వంతు ఎవరిది?

ఈ ప్రశ్న సిరిసిల్లలో పదునెక్కడానికి నేల స్వభావమే కారణం. శ్రీరామసాగర్ ప్రాజెక్టుకు 1963లో శంకుస్థాపన జరిగి, దాని నుంచి బయలుదేరిన కాకతీయ కాలువ మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల గుండా దిగువ మానేరు వరకు 146 కిలోమీటర్లు సాగడంతో ఆ వైపు రైతుకు నీరు చాలావరకు పల్లానికి పారి వచ్చింది. సిరిసిల్ల మెట్టకు ఆ భాగ్యం లేదు. నిజాం పాలన చివరి దశలో నర్మాల దగ్గర మొదలైన ఎగువ మానేరు ప్రాజెక్టు కింద కొంత ఆయకట్టు ఉన్నా, మిగిలిన పల్లెలకు చెరువులూ, రాతిపొరను తొలిచి దింపిన మోట బావులూ దిక్కయ్యాయి. మోట అంటే ఎడ్ల చేత లాగించి బావి నీటిని తోలు బొక్కెనతో పైకి తోడే పద్ధతి. ఒక జత ఎడ్లూ, ఒక మనిషీ తెల్లవారక ముందు నుంచి పని చేసినా తడిసేది కొద్దిపాటి మడే. ఆ బావి మీద అయిదు హార్స్‌పవర్ మోటారు కూర్చోగానే ఎడ్ల పని పోవడమే గాక సాగు విస్తీర్ణం కూడా మారిపోతుంది కాబట్టి, కరెంటు స్తంభం ఇక్కడి రైతుకు దీపం కంటే ముందు నీటిని గుర్తు చేసింది.

సంఘం పుట్టుకకు మూలాలు ఢిల్లీలోనూ, అంతకన్నా దూరంగా అమెరికాలోనూ ఉన్నాయి. 1935లో అమెరికా ప్రభుత్వం గ్రామీణ విద్యుదీకరణ కోసం ఒక ప్రత్యేక సంస్థను నెలకొల్పగా, ప్రైవేటు కంపెనీలు లాభం లేదని వదిలేసిన పల్లెల్లో రైతులు సహకార సంఘాలుగా ఏర్పడి, దాని అప్పులతో సొంత లైన్లు వేసుకున్నారు. ఆ సంఘాల జాతీయ సమాఖ్య 1960లలో అమెరికా సహాయ సంస్థ ద్వారా తన నమూనాను ఇతర దేశాలకు తీసుకెళ్లింది. అదే కాలంలో మన దేశంలో బి. వెంకటప్పయ్య అధ్యక్షతన పనిచేసిన అఖిల భారత గ్రామీణ పరపతి సమీక్షా సంఘం, పంపుసెట్లకు కరెంటు చేరనిదే వ్యవసాయ అప్పులకు సార్థకత లేదన్న దృష్టితో ఒక ప్రత్యేక ఆర్థిక సంస్థ ఉండాలని సిఫారసు చేసింది. ఆ ప్రకారం 1969 జూలైలో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ ఏర్పడి, ప్రయోగాత్మకంగా అయిదు సహకార సంఘాలకు దీర్ఘకాలిక రుణం ఇచ్చింది: గుజరాత్‌లో కోడినార్, కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ముళా-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, ఆంధ్రప్రదేశ్‌లో సిరిసిల్ల. తరవాతి దశలో అనకాపల్లి, చీపురుపల్లి, కుప్పం వంటి చోట్ల కూడా ఇటువంటివి వచ్చాయి. తెలుగు నేల మీద తొలి ప్రయోగం మాత్రం సిరిసిల్లదే.

సంఘం కరెంటును తయారు చేయదు. మొదట బోర్డు దగ్గర, 2000 తరవాత పంపిణీ సంస్థ దగ్గర టోకున కొని, తన సబ్‌స్టేషన్ల ద్వారా చిల్లరగా అమ్ముతుంది. వాటా సొమ్ము కట్టి సభ్యుడైన వినియోగదారుడు పాలకవర్గాన్ని ఎన్నుకుంటాడు. సమీపంలో కరెంటు తయారయ్యేది రామగుండంలో. అక్కడ అమెరికా సాయంతోనే కట్టిన 62.5 మెగావాట్ల 'బి' థర్మల్ కేంద్రం 1971లో ఉత్పత్తి ప్రారంభించింది; అంటే బొగ్గును కరెంటుగా మార్చే బాయిలరూ, ఆ కరెంటును మానేరు పల్లెలకు పంచే సంఘమూ దాదాపు ఒకే ఏడాదిలో, ఒకే సహాయ విధానం నీడలో మొదలయ్యాయి. అయితే కరెంటు ముందుగా చేరింది బావీ, మోటారు కొనే స్తోమతా ఉన్నవారికే అనుకోవాలి. ఆ దశాబ్దం ముగిసేలోపే, 1978 అక్టోబరులో, రైతుకూలీ పోరాటాల నేపథ్యంలో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను ప్రభుత్వం కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది; స్తంభం పాతినంత మాత్రాన భూమి లెక్కలు మారలేదని దానితో తేలింది.

సిరిసిల్ల కరెంటుకు బావులతో సమానమైన రెండో గిరాకీ సాంచాల నుంచి వచ్చింది. సాంచా అంటే మరమగ్గం. చేమగ్గం మీద బతుకు సాగక షోలాపూర్, భివండి, ముంబయి, సూరత్‌లకు వలస పోయిన పద్మశాలి కుటుంబాల్లో కొందరు అక్కడ నేర్చిన పనిని, ఒక్కోసారి పాత యంత్రాలను కూడా, వెంటపెట్టుకుని తిరిగి వచ్చి ఇక్కడ కార్ఖానాలు పెట్టారు. నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే సేటు ఒకరు, సాంచాలు సొంతమైనా కూలీకి నేసి ఇచ్చే ఆసామి ఒకరు, ఆ సాంచాల మీద నిలబడి మీటరు లెక్కన కూలి తీసుకునే కార్మికుడు ఒకరు. ఈ మూడంచెల ఏర్పాటులో కరెంటు పోయిన ప్రతి గంటా నేరుగా చివరివాడి కూలిలో కోత. దీపం ఆరితే కిరోసిన్ బుడ్డి వెలిగించుకోవచ్చు, మోటారు ఆగితే మడి రెండు రోజులు ఓర్చుకుంటుంది. సాంచా ఆగితే ఆ రోజు గుడ్డ లేనట్టే. ప్రభుత్వాలు మరమగ్గాల బిల్లులో సగం రాయితీ ఇచ్చినా, అది కరెంటు ధరకు సంబంధించిన ఊరటే గాని, రాని కరెంటుకు కాదు.

కొరత ముదిరినప్పుడు వంతులు తేల్చడానికి ఇంజనీర్లు వాడిన సాధనం మూడు ఫేజుల వ్యవస్థ. లైనులో కరెంటు మూడు వేర్వేరు తీగల్లో, ఒకదాని వెనక ఒకటిగా ఎగసిపడే మూడు తరంగాల రూపంలో ప్రవహిస్తుంది. ఇంటి బల్బుకూ ఫ్యానుకూ వాటిలో ఒక తీగా, న్యూట్రలూ చాలు గానీ, పొలం మోటారు తిరగాలంటే మూడూ కావాలి. అందుచేత సబ్‌స్టేషన్‌లో కొన్ని గంటలపాటు మూడు ఫేజులూ ఇచ్చి, మిగతా సమయంలో సింగిల్ ఫేజుకు పరిమితం చేస్తే, అదే లైను మీద ఇళ్లలో దీపాలు వెలుగుతాయి, మోటార్లు తిరగవు. కాగితం మీద ఇంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు. పొలంలో రైతు దానికి విరుగుడు కనిపెట్టాడు: కండెన్సర్లు అమర్చిన కన్వర్టర్ పెట్టి, ఒక ఫేజు నుంచే కృత్రిమంగా మిగతా వాటిని పుట్టించి మోటారు నడపసాగాడు. దాంతో దీపాల కోసం ఉంచిన కరెంటును మోటార్లు పీల్చడం, వోల్టేజీ పడిపోవడం, ట్రాన్స్‌ఫార్మర్లూ మోటారు వైండింగులూ కాలిపోవడం పరిపాటి అయింది. దీన్ని దొంగతనమని తేల్చేయడం తేలికే గానీ, మూడు ఫేజుల కరెంటు వంతు అర్ధరాత్రి పడినప్పుడు బ్యాటరీ లైటు పట్టుకుని గట్ల వెంబడి పోయి, పాముకాటుకో కరెంటు షాకుకో బలైన రైతుల సంగతి కూడా అదే ఖాతాలో రాయాలి.

ఇదే కాలంలో ధర కూడా కొలతకు దూరమైంది. 1980ల తొలి సంవత్సరాల్లో వ్యవసాయ మోటారుకు మీటరు రీడింగు పోయి, హార్స్‌పవర్‌ను బట్టి ఏడాదికింత అని కట్టే స్లాబు పద్ధతి వచ్చింది. 2004లో అది ఉచితమైంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి ఇరవైనాలుగు గంటల ఉచిత సరఫరా మొదలైంది. బోర్డుకు ఇది ఖాతాల సమస్య అయితే, సంఘానికి ఉనికి సమస్య: తాను టోకున కొనేది కొలిచిన కరెంటు, రైతుకు ఇచ్చేది కొలవని కరెంటు. ఈ తేడాను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయించే తక్కువ టోకు ధరా, ప్రభుత్వ సబ్సిడీ కలిసి పూడుస్తూ వచ్చాయి కనుక, సభ్యుల సొంత సంస్థగా మొదలైన సెస్ క్రమంగా హైదరాబాద్ నిర్ణయాల మీద ఆధారపడవలసి వచ్చింది. నిరంతర సరఫరా వచ్చాక మరో చిక్కు బయటపడింది. వంతుల కాలంలో, కరెంటు రాగానే దానంతటదే మోటారు తిరిగేలా రైతులు బిగించుకున్న ఆటో స్టార్టర్లు ఇప్పుడు రాత్రింబగళ్లు భూగర్భ జలాన్ని తోడేస్తున్నాయని, వాటిని తీసేయాలని ప్రభుత్వమే ప్రచారం చేయవలసి వచ్చింది. కొరత పోయినా కొరత నేర్పిన అలవాటు పరికరంగా మిగిలిపోయింది.

ఒకే మూలం నుంచి బలమైన యంత్రానికీ చిన్న దీపానికీ కరెంటు పంచడమనే చిక్కు తీరాంధ్రలోని మరబోటు మీద మరో రూపంలో కనిపిస్తుంది, అక్కడి పరిష్కారం సిరిసిల్ల ప్రయత్నానికి వెలుగునిస్తుంది కాబట్టి దాన్ని కొంత వివరించవలసి ఉంది. విశాఖపట్నం, కాకినాడ రేవుల నుంచి రోజుల తరబడి వేటకు పోయే బోటులో దీపాలూ, వైర్‌లెస్సూ, చేపల జాడ చూపే యంత్రమూ ఇంజనును స్టార్టు చేసే బ్యాటరీనే వాడుకుంటే, ఒక రాత్రి దీపాలు వెలిగిన పాపానికి తెల్లారి ఇంజను లేవక బోటు నడిసముద్రంలో నిలిచిపోవచ్చు. అందుకే దీపాల వంటి వాడకానికి విడిగా రెండో బ్యాటరీ పెట్టే పద్ధతి వచ్చింది. సీసపు పలకలూ ఆమ్లమూ ఉండే పాత రకం బ్యాటరీ నిండేకొద్దీ కరెంటును తక్కువగా తీసుకుంటుంది కాబట్టి, ఇంజను తిప్పే ఆల్టర్నేటరు అనే జనరేటరు రెంటినీ కలిపి నింపినా పెద్ద ప్రమాదం లేదు. రెండోదిగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వచ్చిన చోట లెక్క మారుతుంది: దాని లోపలి నిరోధం చాలా తక్కువ గనుక దాదాపు నిండేదాకా ఇచ్చినంతా పీల్చుకుంటుంది, ఇంజను నెమ్మదిగా తిరిగే వేళ గాలి చాలక ఆల్టర్నేటరు వేడెక్కి కాలిపోవచ్చు. పైగా బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ పలక హఠాత్తుగా లంకె తెంచితే వోల్టేజీ ఒక్కసారి ఎగసి ఆల్టర్నేటరులోని డయోడ్లను దెబ్బతీస్తుంది. కనుక రెండు బ్యాటరీల నడుమ డీసీ-డీసీ చార్జరు పెడతారు. అది పాత బ్యాటరీ వైపు నుంచి పరిమితమైన కరెంటును మాత్రమే తీసుకుని, లిథియంకు కావలసిన 14.4 వోల్టుల దరిదాపులకు సర్ది, ఇంజను ఆగగానే తానూ ఆగిపోతుంది.

సిరిసిల్ల సబ్‌స్టేషన్‌లో ఫేజులు తగ్గించి సాధించబోయింది సరిగ్గా ఈ విభజననే. కానీ బోటులో నిల్వ ఉంది, పల్లె లైనులో లేదు. నిల్వ లేని చోట ఒకరి వంతు రావాలంటే మరొకరిది ఆగాలి, ఆగినవాడు ఏదో ఒక కన్వర్టరుతో అడ్డదారి వెతుకుతాడు. ఇళ్లలోకి ఇన్వర్టర్లూ వాటి సీసపు బ్యాటరీలూ వచ్చాక దీపానికి నిల్వ దొరికింది గానీ, అది కొనగలిగిన ఇంటికే దొరికింది. పదుల సాంచాలున్న కార్ఖానాకు ఆ దారీ లేదు.

ఇటీవలి దశలో నీరే సిరిసిల్లకు ఎదురు వచ్చింది. మాన్వాడ దగ్గర కట్టిన మధ్య మానేరు జలాశయంలోకి నీరు ఎత్తిపోయడానికి రామడుగు మండలం లక్ష్మీపూర్‌లో భూగర్భంలో కట్టిన గాయత్రి పంప్‌హౌస్‌లో ఒక్కో మోటారు సామర్థ్యం 139 మెగావాట్లు, అంటే సుమారు 37 వేల అయిదు హార్స్‌పవర్ మోటార్లకు సమానం. 1971 నాటి రామగుండం 'బి' కేంద్రం పూర్తిగా పనిచేసినా అందులో సగం మోటారును కూడా నడపలేదు. ఈ పంపులు 2019లో నడవడం మొదలైంది. వాటి కరెంటు ట్రాన్స్‌కో భారీ లైన్ల నుంచి వస్తుంది గనుక సెస్ పుస్తకాల్లో అది కనిపించదు. జలాశయం కింద ముంపునకు గురైన వేములవాడ, బోయినపల్లి, తంగళ్లపల్లి ప్రాంతపు గ్రామాల వారు పునరావాస కాలనీలకు చేరారు, కొత్త నీటి మీద ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలు వేట సాగిస్తున్నాయి. ఇక్కడి తెప్పకూ పుట్టికీ ఇంజను ఉండదు, తెడ్డే ఆధారం. కనుక రాత్రి వలల దగ్గర తలకు కట్టుకునే లైటును పడవ మీద నింపుకునే వీలు లేదు. దాని బ్యాటరీ పగలు ఇంట్లోని సింగిల్ ఫేజు ప్లగ్గులో నిండవలసిందే, ఆ కాలనీల్లో ఎక్కువ భాగానికి ఆ తీగ లాగిందీ సెస్సే.