‘బెలూనుతో బాలిక’: ఒక వేలం వివరణకు టీక

2018 అక్టోబరు 5 సాయంత్రం లండన్‌లోని సదబీస్ వేలంశాలలో ఆఖరి పాటకు బ్యాంక్సీ బొమ్మ ఒకటి వచ్చింది. కేటలాగులో దాని వివరం క్లుప్తంగా ఇలా ఉంది: బ్యాంక్సీ, బెలూనుతో బాలిక, స్ప్రే పెయింటు, అక్రిలిక్, కాన్వాసు మీద, బోర్డుకు అతికించి, కళాకారుడి ఫ్రేములో, వెనక సంతకం, అంకితం, 101 × 78 × 18 సెంటీమీటర్లు, 2006, ఏకైక కృతి. ప్రతిపదార్థం చెప్పుకోదగ్గ వాక్యమే. గోడ మీది బొమ్మ సరుకు కావాలంటే ఏమేం కూడాలో అన్నీ ఇందులో ఉన్నాయి.

బ్యాంక్సీ – మారుపేరు. మనిషి ఎవరో తాను ఇంతవరకూ ఒప్పుకోలేదు. 1990లలో బ్రిస్టల్ గోడల మీద మొదలుపెట్టాడు. అనుమతి లేకుండా ఒకరి గోడకు రంగు పూయడం అక్కడ నేరం కాబట్టి పేరు దాచుకోవడం మొదట అవసరం. ఆ తరువాత అదే గిరాకీ అయింది.

బెలూనుతో బాలిక – 2002 ప్రాంతంలో లండన్ గోడల మీద కనిపించింది. థేమ్స్ ఒడ్డున సౌత్ బ్యాంక్‌లో మెట్ల పక్కన ఉన్నది అందరికీ తెలిసిన ప్రతి. నల్లరంగులో ఒక చిన్నపిల్ల, ఎర్రగా హృదయాకారపు బెలూను, మధ్యలో చాచిన చేయి. పిల్ల వదిలేసిందా, అందుకోబోతోందా అని వాదించుకునేవాళ్లున్నారు. జుట్టూ గౌనూ బెలూను వైపే ఎగురుతున్నాయి, అంటే గాలి వీపు వెనకనుంచి వీస్తోంది. చేతిలోంచి జారిపోయిందనే నా పక్షం. 2017లో సాంసంగ్ జరిపించిన అభిప్రాయ సేకరణలో బ్రిటన్ జనం తమకు బాగా ఇష్టమైన కళాకృతిగా దీన్నే ఎంచుకున్నారు. అప్పటికే సౌత్ బ్యాంక్ గోడ మీద అది లేదు.

స్ప్రే పెయింటు, అక్రిలిక్ – ఇక్కడ ఒక పదాన్ని అధ్యాహారం చేసుకోవాలి: స్టెన్సిల్. మన మిల్లుల్లో బియ్యం బస్తాల మీద రేకు అచ్చు పెట్టి మార్కు కొట్టే పద్ధతే ఇది. బొమ్మను ముందే ఇంట్లో అట్ట మీద గీసి, కోసి పెట్టుకుంటే గోడ దగ్గర పని నిమిషాల్లో తెములుతుంది. ఒకసారి పోలీసులకు దొరక్కుండా బండి కింద దాక్కున్నప్పుడు, దాని అడుగున స్టెన్సిల్‌తో వేసిన అంకెలు చూసి ఈ దారి పట్టానని బ్యాంక్సీయే చెప్పుకున్నాడు. అంతకు చాలాముందే, 1981 నుంచీ, పారిస్‌లో బ్లెక్ ల రా అనే ఆయన ఇదే పద్ధతిలో గోడల నిండా ఎలుకల్ని వేస్తున్నాడు. బ్యాంక్సీ ఎలుకలకు తాతలు అవే. అట్ట గోడకు సరిగా ఆనని చోట రంగు సన్నటి తుంపరగా లోపలికి చిమ్మి అంచు మసకబారుతుంది. గోడ మీద అది తొందర మిగిల్చిన ఆనవాలు. స్టూడియోలో తరిమేవాళ్లు లేరు, అయినా ఆ మసకను ఉంచుతారు.

కాన్వాసు మీద – అసలు తగువంతా ఈ మాట దగ్గరే. వీధి బొమ్మ కాన్వాసు ఎక్కితే అమ్ముడుపోయినట్టేనని గొణిగేవాళ్లు ఈ కళ చరిత్ర చూడాలి. న్యూయార్క్ కుర్రాళ్లు సబ్‌వే రైళ్ల మీద పేర్లు రాస్తున్న రోజుల్లోనే, 1972లో, హ్యూగో మార్టినెజ్ అనే అతను వాళ్లను యునైటెడ్ గ్రాఫిటీ ఆర్టిస్ట్స్ పేరుతో కూడగట్టి కాన్వాసులు పట్టించాడు. మరుసటి ఏడు రేజర్ గ్యాలరీలో ప్రదర్శన పెట్టారు. 1983లో సిడ్నీ జానిస్ వంటి పెద్ద గ్యాలరీ కూడా తలుపు తెరిచింది. పేద పేటల పిల్లలు తమ పనికి డబ్బు అడగడంలో నాకు తప్పేమీ కనబడదు. కాన్వాసు తెచ్చిన మార్పు వేరు: గోడ బొమ్మకు దారిన పోయేవాడు ప్రేక్షకుడు, కాన్వాసుకు యజమాని ఉంటాడు. ఆ యజమాని చూసేది బొమ్మనా పేరునా అన్నది బ్యాంక్సీయే పరీక్షించాడు. 2013 అక్టోబరులో సెంట్రల్ పార్కు దగ్గర ఒక ముసలాయన్ని కూర్చోబెట్టి, తన సంతకమున్న కాన్వాసుల్ని ఒక్కోటి 60 డాలర్లకు పెట్టించాడు. రోజంతటికీ వచ్చింది 420 డాలర్లు. ఒకావిడ బేరమాడి రెండింటిని సగం ధరకు పట్టుకుపోయింది.

కళాకారుడి ఫ్రేములో, 18 సెంటీమీటర్లు – ఈ రెంటినీ కలిపే చదవాలి. పొడవు 101, వెడల్పు 78 సరే. గోడకు తగిలించే బొమ్మకు 18 సెంటీమీటర్ల మందం ఎందుకు? బంగారు పూత, నగిషీలు ఉన్న పాతకాలపు ఫ్రేము గనక ఎవరూ అనుమానించినట్టు లేదు. 8,60,000 పౌండ్ల దగ్గర పాట ఖరారై సుత్తి పడగానే ఫ్రేములో దాచిన బ్లేళ్ల యంత్రం కదిలింది. కాన్వాసు కిందికి జారుతూ పట్టీలు పట్టీలుగా తెగి, సగంలో ఆగింది. బెలూను ఫ్రేములోనే ఉండిపోయింది, పిల్ల పట్టీలై వేలాడింది. రిహార్సల్‌లో ప్రతిసారీ పూర్తిగా తెగిందని బ్యాంక్సీ తరువాత వీడియోలో చెప్పాడు.

వెనక సంతకం, అంకితం – సంతకాన్ని ఎవరైనా అనుకరించవచ్చు. అందుకే 2008లో పెస్ట్ కంట్రోల్ అనే సంస్థ పెట్టారు. ఇది నిజమైన బ్యాంక్సీయేనని ధ్రువపత్రం ఇచ్చేది అదొక్కటే. పత్రానికి యువరాణి డయానా బొమ్మతో బ్యాంక్సీ అచ్చేసిన ఉత్తుత్తి పది పౌండ్ల నోటులో సగం చింపి పిన్ను కొడతారు, రెండో సగం వాళ్ల దగ్గరే ఉంటుంది. చింపిన అంచులు కలిస్తేనే అసలు. వీధి గోడల మీది బొమ్మలకు మాత్రం ఆ పత్రం ఇవ్వరు. వీధి కళాకారుడి బొమ్మకు వీధిలో ఉన్నంతకాలం ధ్రువీకరణ లేదన్నమాట.

ఏకైక కృతి – 2018 అక్టోబరు 5 ఉదయానికి ఈ మాట కొంచెం ఎక్కువే. ఇదే బాలిక సంతకంతో 150, సంతకం లేకుండా 600 ప్రింట్లుగా అప్పటికే ఉంది. సాయంత్రానికి మాత్రం అక్షరాలా నిజమైంది. కొన్నావిడ వెనక్కి తగ్గలేదు, కమిషనుతో కలిపి 10,42,000 పౌండ్లు కట్టింది. పెస్ట్ కంట్రోల్ ‘లవ్ ఈజ్ ఇన్ ద బిన్’ అని కొత్త పేరుతో కొత్త పత్రం ఇచ్చింది. 2021 అక్టోబరు 14న అదే సదబీస్‌లో, తెగిన పట్టీలతో సహా, అది 1,85,82,000 పౌండ్లకు పోయింది.

గ్రాఫిటీ కళాకారుడి అసలు కాన్వాసంటూ ఎవరైనా మీ ముందుకు తెస్తే బొమ్మను మెచ్చుకోండి, తప్పులేదు. డబ్బు తీసేముందు మాత్రం తిప్పి వెనక చూడండి, పత్రం అడగండి, ఫ్రేము మందం కూడా ఒకసారి కొలవండి.