మోటారు సైకిల్‌లో వోల్టేజి, ఫ్యూజు: చరిత్ర

మోటారు సైకిల్ తీగల్లో కరెంటును నడిపించే ఒత్తిడి వోల్టేజి. కరెంటు హద్దు దాటినప్పుడు తాను కరిగిపోయి ఆ తీగను కాపాడేది ఫ్యూజు. ఫ్యూజు మీద ఉండే ఆంపియర్ల అంకెను తీగ ఎంత కరెంటు మోయగలదో చూసి నిర్ణయిస్తారు.

తొలి దశ

ఎడిసన్ 1890లో ఫ్యూజుకు పేటెంటు పొందింది ఇళ్ల విద్యుత్ సరఫరా కోసం. ఆ కాలపు మోటారు సైకిళ్లకు దాని అవసరం పెద్దగా లేదు. 1902 తర్వాత బాష్ మాగ్నెటో బ్యాటరీ లేకుండానే స్పార్కు ఇచ్చింది. దీపం కార్బైడ్ వాయువుతో వెలిగేది. 1914లో అమెరికా సంస్థ ఇండియన్ ‘హెండీ స్పెషల్’కు సెల్ఫ్ స్టార్టరు పెట్టింది కానీ, నాటి బ్యాటరీలు తట్టుకోలేక ఆ ప్రయత్నం ఆగిపోయింది.

6 వోల్టుల కాలం

లెడ్ యాసిడ్ బ్యాటరీలో ఒక్కో గది సుమారు 2 వోల్టులిస్తుంది. మూడు గదులైతే 6, ఆరైతే 12. మద్రాసులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా తొలి బుల్లెట్లు, మైసూరులో 1961 నుంచి తయారైన జావాలు, ఎస్కార్ట్స్ రాజ్‌దూత్‌లు 6 వోల్టుల బళ్లు. కిక్కు కొట్టి తీసే ఈ బళ్లలో హెడ్‌లైటు, హారనే ప్రధాన భారం. రక్షణకు ఒక గాజు గొట్టం ఫ్యూజు సరిపోయేది.

12కు మారడం

35 వాట్ల బల్బు 6 వోల్టుల మీద దాదాపు 6 ఆంపియర్లు లాగుతుంది, 12 మీద మూడే. కరెంటు సగమైతే అదే తీగలో వేడిగా పోయే నష్టం నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇండికేటర్లు, సెల్ఫ్ స్టార్టరు వచ్చాక 12 వోల్టులు స్థిరపడ్డాయి. అయినా చాలా చిన్న బళ్లలో హెడ్‌లైటు నేరుగా ఇంజను కాయిల్ మీదే వెలిగేది. బండి నెమ్మదిస్తే వెలుగూ తగ్గేది.

2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త బళ్లకు ఇంజను తీయగానే హెడ్‌లైటు వెలగడం తప్పనిసరైంది. 2019లో 125 సీసీ దాటిన బళ్లకు ఏబీఎస్, 2020లో బీఎస్–6 నిబంధనలతో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చాయి. భారం పెరిగే కొద్దీ ఒక్కో సర్క్యూట్‌కు వేరు ఫ్యూజు అవసరమైంది. 1970లలో కార్ల కోసం వచ్చిన బ్లేడు ఫ్యూజులు ఇందుకు అనువయ్యాయి: 10 ఆంపియర్లకు ఎరుపు, 15కు నీలం, 20కి పసుపు.

వాడుకలో

కొత్త బండికి అదనపు లైట్లు, పెద్ద హారన్లు బిగించేటప్పుడు పాత తీగకే కలిపేస్తే భారం దాని మీదే పడి ఫ్యూజు పోతుంది. 10 ఉన్నచోట 20 వేసినా, రాగి తీగ చుట్టినా షార్టు అయినప్పుడు కాలేది వైరింగే. అదనపు లైట్లకు బ్యాటరీ దగ్గర నుంచే విడిగా తీగ, రిలే, ఫ్యూజు పెట్టడం సరైన పద్ధతి.

నిండుగా చార్జి అయిన బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నప్పుడు సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను కాస్త రేజ్ చేస్తే అది 14 దరిదాపుల్లోకి చేరాలి. పెరగకపోతే కాయిల్‌నో రెక్టిఫయర్‌నో అనుమానించాలి. 15 దాటితే రెగ్యులేటరు చెడినట్టే.

విద్యుత్ స్కూటర్లు

వీటి ప్రధాన బ్యాటరీ చాలావరకు 48 నుంచి 72 వోల్టుల మధ్య ఉంటుంది. దీపాలకూ హారనుకూ మాత్రం కన్వర్టరు ద్వారా 12 వోల్టులే అందుతాయి. రెండు వైపులా ఫ్యూజులు వేరు. ఎక్కువ వోల్టేజి వద్ద తెగిన చోట నిప్పురవ్వ సాగుతుంది కాబట్టి, బ్యాటరీ వైపు ఫ్యూజుకు ఆంపియర్లతో పాటు దాని వోల్టేజి పరిమితినీ చూసి ఎంచుకోవాలి.