ఏరు దాటినా తీరని బాధ్యత



దేవసూగూరు పక్కనే కృష్ణ. నది దాటితే తెలంగాణ. ఈ ఒడ్డున కన్నడం, ఆ ఒడ్డున తెలుగు అని పేరే గాని, పిల్లనివ్వడం, తెచ్చుకోవడం రెండు ఒడ్ల మధ్యా పాత వాడుకే. ఆ పెళ్లిళ్లలో కొన్ని విడాకుల దాకా వెళుతున్నాయి. తల్లీబిడ్డలు ఇక్కడ, తండ్రి అక్కడ. బిడ్డకు కోర్టు నెలనెలా ఇమ్మన్న డబ్బును తెలుగులో మనోవర్తి అంటాం, కన్నడంలో జీవనాంశ. "ఆయన ఏరు దాటాడు, ఇక మన కోర్టు మాట అక్కడ చెల్లదు" అని మీరు విని ఉంటారు. అది ఎంతవరకు నిజమో చూద్దాం.

1956 నవంబరు 1కి ముందు రెండు ఒడ్లూ హైదరాబాదు రాష్ట్రంలోనివే. ఆ రోజున రాయచూరు మైసూరు రాష్ట్రంలో చేరింది. అంతదాకా రాయచూరు జిల్లాలో ఉన్న గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. నిన్నటి ఒకే జిల్లా వాళ్లు తెల్లారేసరికి రెండు రాష్ట్రాల వాళ్లయ్యారు. మనోవర్తి చట్టం మాత్రం రెండుగా చీలలేదు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడు 488వ సెక్షనే రెండు వైపులా నడిచింది.

ఆ చట్టంలో లోపాలు లేకపోలేదు. మొదట నెలకు 50 రూపాయలకు మించి ఇప్పించే వీలు లేదు. ఆ పరిమితి 1923లో 100, 1955లో 500 అయింది. పైగా తండ్రి ఉన్న చోటనో, భార్యాభర్తలు చివరిసారి కలిసి ఉన్న చోటనో అర్జీ పెట్టాలి. పుట్టింటికి చేరిన తల్లి చంకన బిడ్డతో వాయిదాలకు ఊరుగాని ఊరు తిరగాల్సి వచ్చేది.

1974 ఏప్రిల్ 1న కొత్త కోడు అమలులోకి వచ్చాక ఆ కష్టం తగ్గింది. తల్లి తానున్న చోటనే అర్జీ పెట్టవచ్చు. విడాకులు పొందిన స్త్రీని కూడా 125వ సెక్షను లెక్కలోకి తీసుకుంది. అయితే 500 పరిమితి అలాగే ఉండిపోయింది. అది ఒక్కొక్కరికి విడివిడిగా వర్తిస్తుందని 1978లో సుప్రీంకోర్టు చెప్పింది. 2001లో పార్లమెంటు ఆ పరిమితినే తీసివేసింది. 2024 జూలై 1 నుంచి ఇవే ఏర్పాట్లు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144 నుంచి 147 వరకు ఉన్న సెక్షన్లలో ఉన్నాయి.

ఇక అసలు సంగతి. బిడ్డ ఒకటో తరగతిలో ఉన్నప్పుడు వేసిన మొత్తం పదో తరగతికి చాలదు. పరిస్థితులు మారాయని రుజువు చేస్తే, పెంచమని తల్లి అడగవచ్చు. పని పోయిన తండ్రి తగ్గించమనీ అడగవచ్చు. ఇది 146వ సెక్షను. సాధారణంగా మొదటి ఉత్తర్వు ఇచ్చిన కోర్టులోనే అడుగుతారు. విడాకుల కేసులోనే హిందూ వివాహ చట్టం కింద ఉత్తర్వు వచ్చి ఉంటే, 26వ సెక్షను కింద అదే కోర్టు దాన్ని మార్చగలదు.

"అక్కడ ఆయన ఎంత సంపాదిస్తున్నాడో మాకేం తెలుసు?" అంటారా? 2020లో సుప్రీంకోర్టు, మనోవర్తి కేసుల్లో ఇరువురూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చూపాలని నిర్దేశించింది.

వసూలు సంగతి చూస్తే, తండ్రి మక్తల్‌లో ఉన్నా, హైదరాబాదులో ఉన్నా, అక్కడి మెజిస్ట్రేటు రాయచూరు ఉత్తర్వును అమలు చేయవచ్చు. ఈ ఏర్పాటు 1898 కోడులోనే ఉంది. అమెరికాలో అలా కాదు. ఒక్కో రాష్ట్రానిది ఒక్కో చట్టం కావడంతో, అందరికీ ఒకే పద్ధతి కోసం 1992లో నమూనా చట్టం రాసుకోవలసి వచ్చింది.

రెండు మాటలు గుర్తుంచుకోండి. బకాయి పడిన నాటి నుంచి ఏడాదిలోగా వసూలుకు అర్జీ పెట్టాలి. ఆలస్యమైతే ఆ నెలల డబ్బుకు వారంటు పుట్టదు. ఉత్తర్వు నకలు రుసుము లేకుండా ఇస్తారు, దాన్ని భద్రపరచండి. స్త్రీలకు, పిల్లలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. తాలూకా కోర్టులోని న్యాయసేవా సమితిలో అడగండి.

ఏరు దాటి తెప్ప తగలేసే తండ్రులు ఉండవచ్చు. ఆవలి ఒడ్డున కూడా ఇదే చట్టం ఉందని మీ ఊళ్లో అలాంటి తల్లి కనిపిస్తే చెప్పండి. సెలవు.