డెబ్బై మార్కుల గీత

రామప్ప గుడి ఉన్న పాలంపేట ములుగు జిల్లాది. అలాంటి ఊళ్లలో మూడేళ్లు దాటినా మాట రాని, పిలిస్తే తిరిగి చూడని పిల్లవాణ్ణి చూసి పెద్దలు తల్లికి ధైర్యం చెబుతారు: "వాళ్ల నాయనకు గూడ మాటలు లేటుగనే వచ్చినయ్." ఆ ధైర్యంతోనే ఏడాదో రెండేళ్లో గడిచిపోతాయి.

తీరా పట్నం తీసుకెళ్లినా ఒకప్పుడు వైకల్య సర్టిఫికెట్‌లో ఆటిజం అని రాయించుకునే దారి లేదు. 1995 వికలాంగుల చట్టం గుర్తించిన ఏడు వైకల్యాల్లో అది లేదు మరి. ఆటిజం గురించి మానసిక వైద్యుడు లియో కానర్ అమెరికాలో పదకొండు మంది పిల్లల్ని గమనించి వ్యాసం రాసింది 1943లోనే. మన దగ్గర 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం పేరెత్తింది గానీ, ఎంత ఉందో కొలిచే సాధనం మాత్రం వెంటనే రాలేదు.

అది తయారైంది సికింద్రాబాద్‌లోనే. 1984లో మొదలైన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ (ఇప్పటి నీపిడ్) రూపొందించిన 'ఇసా' స్కేలు 2009లో బయటికొచ్చింది. ఆరు విభాగాలు, 40 అంశాలు. అరుదుగా కనిపించే లక్షణానికి 1, ఎప్పుడూ ఉండేదానికి 5. మొత్తం 70కి తక్కువైతే ఆటిజం లేనట్టు. 106 వరకు స్వల్పం, 153 వరకు మధ్యస్థం, ఆపైన తీవ్రం.

అంకెలు ఇంత తేలిక, మార్కు వేయడం తేలిక కాదు. పిలిస్తే పలకనిది చెవుడు వల్లేమో, ముందు వినికిడి పరీక్ష కావాలి. "నీళ్లు కావాల్నా బిడ్డా?" అని తల్లి అడిగితే పిల్లవాడు "నీళ్లు కావాల్నా బిడ్డా" అనే అంటాడు. దాహమైనప్పుడూ అదే మాట. బొమ్మకారు ఇస్తే నేలమీద నడుపుతాడా, తిరగేసి చక్రమే తిప్పుతూ కూర్చుంటాడా? నచ్చిన వస్తువు దొరికితే తల్లికి చూపిస్తాడా? సైకాలజిస్టు కొన్ని అడిగి తెలుసుకోవాలి, కొన్ని కళ్లారా చూడాలి. తల్లి మొహమాటానికి "బాగనే ఉంటడు సార్" అన్నా మార్కు కదిలిపోతుంది. పుట్టినప్పటి నుంచి ఎదుగుదల ఎలా సాగిందో ఓపిగ్గా వినకుండా ఇరవై నిమిషాల్లో స్కేలు నింపేస్తే మిగిలేది అంకె మాత్రమే.

2016లో రెండు మార్పులొచ్చాయి. ఆటిజం ధ్రువీకరణకు ఇసానే వాడాలని కేంద్రం ఏప్రిల్‌లో ప్రకటించింది. డిసెంబరులో వచ్చిన కొత్త చట్టం 21 వైకల్యాల జాబితాలో ఆటిజాన్ని చేర్చింది. దాంతో 70 అన్న గీతకు వైద్యంతో పాటు సర్కారు లెక్క కూడా తోడైంది. రాయితీలకు, రిజర్వేషన్లకు కనీసం 40 శాతం వైకల్యం ఉండాలి, 70 గీత దగ్గరే ఆ 40 శాతం మొదలవుతుంది. ఈ పరీక్షలు, సర్టిఫికెట్ల వ్యవహారాన్నంతా కలిపి ఊళ్లలో 'సదరం' అంటారు. పసిపిల్లలకు ఇచ్చేది తాత్కాలిక పత్రమే కాబట్టి, ఎదిగాక మళ్లీ మార్కులు వేయించుకోవాలి.