సింధియాలో శంకుస్థాపన, ఢిల్లీలో రెండో టికెట్

మల్కాపురం దారిలో బస్సు ఆగగానే "సింధియా" అంటూ దిగిపోతాం. అది ఊరి పేరు కాదు, ఓడల కంపెనీ పేరు. వాల్‌చంద్ హీరాచంద్ నడిపిన సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ ఇక్కడ ఓడలు కట్టే యార్డు తలపెట్టింది. 1941 జూన్ 21న దానికి శంకుస్థాపన చేసినవారు బాబూ రాజేంద్రప్రసాద్. ఏడాది తిరక్కుండానే, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. అయినా యార్డు నిలిచింది. 1948 మార్చి 14న 'జల ఉష'కు జలప్రవేశం చేయించినవారు జవహర్‌లాల్ నెహ్రూ.

పునాదిరాయి వేసినాయన రాష్ట్రపతి, ఓడను నీళ్లలోకి దించినాయన ప్రధాని. 1957లో ఈ ఇద్దరి మధ్య ఒక ప్రశ్న తలెత్తింది. పదవిలో ఉన్న రాష్ట్రపతికి పార్టీ మళ్లీ టికెట్ ఇవ్వాలా?

నెహ్రూ మనసులో ఉన్న పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్. ఆయనా విశాఖకు కొత్తవారు కాదు. 1931 నుంచి 1936 వరకు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్‌గా పనిచేశారు. అంటే ఆ ఏడాది ఢిల్లీలో తేలాల్సిన లెక్కలో ఉన్న ముగ్గురూ ఈ నగరం మట్టి మీద ఏదో ఒక గుర్తు వదిలినవారే. మన చరిత్ర పాఠాల్లో ఈ మాట ఎక్కడా కనిపించకపోవడం నాకు బాధగానే ఉంటుంది.

రాష్ట్రపతి మళ్లీ పోటీ చేయడానికి రాజ్యాంగం 57వ అధికరణం అడ్డు చెప్పదు. నెహ్రూ ఆలోచన వేరు. ఒక్క పదవీకాలం చాలు, ఈసారి దక్షిణాది వారికి అవకాశం రావాలని ఆయన అనుకున్నారు. దాని వెనక పాత అభిప్రాయభేదాలూ ఉన్నాయి. హిందూ కోడ్ బిల్లు విషయంలో ఇద్దరికీ పొసగలేదు. 1951లో సోమనాథ ఆలయ ప్రతిష్ఠకు వెళ్లవద్దని నెహ్రూ అన్నా బాబూజీ వెళ్లారు. అయితే పార్టీలో రాజేంద్రప్రసాద్‌కున్న గౌరవం చిన్నది కాదు. మౌలానా ఆజాద్ ఆయన వైపే నిలిచారు. చివరికి కాంగ్రెస్ ఆయన్నే మళ్లీ నిలబెట్టింది. నొచ్చుకున్న రాధాకృష్ణన్‌ను ఉపరాష్ట్రపతిగా రెండోసారి కొనసాగేందుకు ఒప్పించాల్సి వచ్చింది.

అసలు ఎన్నిక అక్కడే అయిపోయింది. మే నెలలో జరిగిన పోలింగులో రాజేంద్రప్రసాద్‌కు 4,59,698 ఓట్ల విలువ దక్కింది. చౌధరి హరిరామ్‌కు 2,672, నాగేంద్ర నారాయణ్ దాస్‌కు 2,000. పార్టీ పెద్దలు కూర్చున్న గదిలో జరిగిన తర్జనభర్జనలో సగం వేడి కూడా ఈ అంకెల్లో లేదు.

అమెరికాలో ఈ గది తలుపులు కొంతైనా తెరుచుకుని ఉంటాయి. అక్కడి ప్రైమరీల్లో, పదవిలో ఉన్న అధ్యక్షుడికి పార్టీ టికెట్ మళ్లీ ఇవ్వాలా అన్న మాట మీద రాష్ట్రాలవారీగా మామూలు ఓటర్లే ఓటేస్తారు. 1968 మార్చి 12న న్యూహాంప్‌షైర్ అనే చిన్న రాష్ట్రంలో లిండన్ జాన్సన్ పేరు బ్యాలెట్ మీద లేకపోయినా, అభిమానులు చేత్తో రాసి ఆయన్ని గెలిపించారు. కానీ ఆయనకొచ్చింది 49 శాతం, వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించిన యూజీన్ మెకార్తీకి 42 శాతం. గెలిచి కూడా జాన్సన్ ఆ నెల 31న బరి నుంచి తప్పుకున్నారు.

మన దగ్గర 1957 తర్వాత ఆ టికెట్ ఎవరికీ రెండోసారి దక్కలేదు. 1967లో అప్పటికి రాష్ట్రపతిగా ఉన్న రాధాకృష్ణన్‌ను కొనసాగించాలని కామరాజ్ కోరుకున్నారు, ఇందిరా గాంధీ జాకిర్ హుస్సేన్ వైపు మొగ్గారు. ఆ పోటీలో ప్రతిపక్షాల అభ్యర్థి మన రాజమండ్రి వాడైన కోకా సుబ్బారావు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి పదవి వదులుకుని నిలబడి 3,63,971 ఓట్ల విలువ తెచ్చుకున్నారు. 1969లో బెంగళూరులో పార్టీ బోర్డు ఖరారు చేసిన నీలం సంజీవరెడ్డిని స్వతంత్రుడిగా దిగిన వరాహగిరి వెంకటగిరి ఓడించారు. రెండో ప్రాధాన్య ఓట్లు లెక్కపెట్టాక తేలింది, 4,20,077కు 4,05,427. గదిలో తీసుకున్న నిర్ణయం గది దాటాక తలకిందులైంది ఆ ఒక్కసారే.

మల్కాపురం చుట్టుపక్కల జనానికి ఓటు విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉక్కు కర్మాగారంలో గుర్తింపు సంఘం ఎన్నికలొస్తే, ఉన్న సంఘమే ఉండాలా, మారాలా అని కార్మికుడు రహస్య బ్యాలెట్‌లో తేలుస్తాడు. గిరి కూడా కార్మిక సంఘాల్లోంచి ఎదిగినవారే. బ్యాంకు ఉద్యోగుల తీర్పు విషయంలో విభేదించి 1954లో కేంద్ర కార్మిక మంత్రి పదవికి రాజీనామా చేసిన మనిషి. 1974లో రెండో టికెట్ ప్రశ్నలో ఆయన వంతు వచ్చింది. కాంగ్రెస్ ఫక్రుద్దీన్ అలీ అహ్మద్‌ను ఎంచుకుంది. ఆగస్టు 24న గిరి రాష్ట్రపతి భవన్ ఖాళీ చేశారు.