వానలో నిలిచిన తల్లి: ‘స్టెల్లా డల్లాస్’ చిత్రచరిత్ర

గ్రంథాలయ రజతోత్సవ సంచికలో సినిమా ముచ్చటకు చోటేమి యని కొందఱు శంకింపవచ్చును. నేను చెప్పబోవు చిత్రము గ్రంథమునుండి పుట్టినదే. అమెరికా రచయిత్రి ఆలివ్ హిగ్గిన్స్ ప్రౌటీ 1923లో ‘స్టెల్లా డల్లాస్’ అను నవలను ప్రకటించెను. నిర్మాత శామ్యూల్ గోల్డ్‌విన్ దానిని 1925లో హెన్రీ కింగ్ దర్శకత్వమున మూకీచిత్రముగను, 1937లో కింగ్ విడార్ దర్శకత్వమున టాకీగను తీయించెను. ఆ కథయే 1937 మొదలు 1955 వఱకు రేడియోలో ధారావాహికముగా సాగెను. ఒక్క పుస్తక మిన్ని రూపములు దాల్చుటకు కారణ మేమి?

స్టెల్లా మసాచుసెట్స్ రాష్ట్రమున మిల్లుకార్మికుని కూతురు. ఆ మిల్లులోనే పెద్ద యుద్యోగమున నున్న స్టీఫెన్ డల్లాస్‌ను పెండ్లాడినది. ఆయన కలవారి బిడ్డ. ఇరువురి యభిరుచులు పొసగలేదు. భర్త న్యూయార్కునకు పోయెను. కూతురు లారెల్ తల్లియొద్ద పెరిగెను. తల్లి తన చేతులతో గౌనులు కుట్టి తొడిగెడిది. ఆ పిల్ల పుట్టినరోజు విందునకు పిలిచినవా రొక్కరును రాలేదు. అలంకరించిన బల్లయొద్ద తల్లీకూతు రిద్దఱే కూర్చుండిరి. ఒకనాటి రాత్రి రైలులో కొందఱు పడుచులు స్టెల్లా వేషభాషలను పరిహసింపగా తల్లి విన్నది, కూతురును విన్నది. తల్లి నిద్ర నటించెను. తాను బిడ్డ బ్రతుకునకు అడ్డమని తల్లి యప్పుడు నిశ్చయించుకొనెను. పిల్లకు తనపై మనసు విఱిగి తండ్రి యింటికి పోవునట్లు, కావలెననియే చులకనగా నటించెను. తుదకు కూతురి పెండ్లిని వీథిలో వానలో నిలిచి కిటికీగుండ చూచెను. పోలీసువాడు కదలుమన్నను, ఇంకొక క్షణ మని వేడుకొని, నవ్వుమొగముతో వెడలిపోయెను.

స్టెల్లాగా నటించిన బార్బరా స్టాన్విక్ 1907లో బ్రూక్లిన్‌లో జన్మించెను. పసితనముననే తల్లి మరణించెను; తండ్రి విడిచిపోయెను. తల్లి నెఱుగని యామె తల్లిపాత్రను సజీవ మొనర్చుట విశేషము. ఆమెకును, లారెల్ పాత్రధారిణి ఆన్ షర్లీకిని ఆస్కారు నామినేషను వచ్చినది, బహుమానము రాలేదు. స్టాన్విక్‌కు గౌరవ ఆస్కారు 1982లో లభించెను.

ఇట్టి చిత్రములను ‘మెలోడ్రామా’ యని, కన్నీటి కథ లని పండితులు చిరకాలము చులకన చేసిరి. కన్నీరు తప్పైనచో భవభూతి ‘ఉత్తరరామచరితము’ నేమనవలెను? మన కుంతీదేవి లోకనిందకు వెఱచి బిడ్డను నీటిపాలు చేసెను. స్టెల్లా తానే నిందను తలకెత్తుకొని బిడ్డను విడిచెను. వదలుట రెండు చోట్ల నొక్కటే, హేతువు వేఱు. ఐనను ఈ త్యాగమును కేవలము పొగడి యూరకుండ రాదు. ఒక తల్లి మాటతీరును, చీరకట్టును చూచి నవ్వు లోకము లేనిచో, ఆ త్యాగమే అవసరము గాదు గదా!

నాకీ చిత్రము తగిలిన కారణము వేఱొకటి కలదు. నేను పట్టణమున చదువునాడు మా అమ్మ మాసిన చీరతో, సద్దిమూటతో బడి వాకిటికి వచ్చినది. తోడివా రడుగగా, మా యింటి పనిమనిషి యంటిని. ఆమె విన్నది. ఏమియు ననక, మూట నిచ్చి వెడలినది. జీవితమంతయు లెక్కలు వ్రాసితిని గాని, ఆ యొక్క పద్దు నేటికిని చెల్లు వేయలేకపోతిని.

ఈ గ్రంథాలయమున చదివి పైకి వచ్చిన బిడ్డ లెందఱో కలరు. వారి తల్లులలో పెక్కురు ఈ గడప నెన్నడును త్రొక్కలేదు. ఈ యుత్సవమునాడు వారిని వాకిట నిలువనీయక, లోనికి దోడ్కొని వచ్చి ముందు వరుసను కూర్చుండబెట్టవలెనని నా మనవి.