తెరకు ముందే పుట్టిన పని

విజయవాడ నుంచి మైలవరం మీదుగా కొత్తగూడెం, భద్రాచలం వెళ్లే 30వ నంబరు జాతీయ రహదారి మీద, ఆంధ్ర దాటబోయే ముందు వచ్చే పెద్ద ఊరు తిరువూరు. ఇటు గంపలగూడెం, విస్సన్నపేట, ఎ.కొండూరు. అటు ఖమ్మం జిల్లా పెనుబల్లి, కల్లూరు. 1956 నుంచి 2014 దాకా ఇక్కడ రాష్ట్ర సరిహద్దు లేదు. ఆ తర్వాత రాష్ట్రం విడిపోయింది, 2022లో తిరువూరు కృష్ణా జిల్లా నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. మారనిది ఒక్కటే: విశ్వవిద్యాలయం ఎప్పుడూ ఎక్కడో దూరాన ఉంటుంది. ఇంటర్‌తో చదువు ఆపి పొలం పనికో, కొట్టు పనికో, చిన్న ఉద్యోగానికో వెళ్లినవాళ్లకు ఆ దూరం బస్సు చార్జీలతో తీరేది కాదు. వాళ్ల దగ్గరికి చదువే నడిచి రావాలి. ఇవాళ ఆ పని ఆన్‌లైన్ కోర్సులు చేస్తున్నాయనీ, వాటిని రూపొందించే కోర్సు డిజైనర్లు ఇంటర్నెట్‌తో పుట్టిన కొత్త వృత్తివాళ్లనీ అనుకుంటాం. అది పొరపాటని నా వాదన. ఎదురుగా లేని విద్యార్థి కోసం పాఠాన్ని కూర్చే విద్య తెలుగునాట నలభై ఏళ్ల కిందటే, అచ్చు పుస్తకంలో, తెలుగులో రూపు దిద్దుకుంది. తెరలు వచ్చాక దాన్ని పెంచుకోవాల్సింది పోయి చాలావరకు మరిచిపోయాం.

దూరవిద్యకు తొలి వాహనం తపాలా. ఇంగ్లండులో ఐజాక్ పిట్‌మన్ 1840లో షార్ట్‌హ్యాండ్ పాఠాలను పోస్టులో పంపి, జవాబులు దిద్ది తిప్పి పంపాడు. మన దేశంలో ఢిల్లీ విశ్వవిద్యాలయం 1962లోనూ, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనూ కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టాయి. ఇవి చేసిన మేలు చిన్నది కాదు. కానీ ఆ పద్ధతిలో ఒక లోటుంది. తరగతి గదిలో చెప్పే ఉపన్యాసాన్నే కాగితం మీద పెట్టి కవరులో పంపడం దాని మూల సూత్రం. ఉపన్యాసం ఎదురుగా ఉన్న ముఖాలను చూసి నడుస్తుంది. ఎవరో ఒకరు కనుబొమ్మ ముడిస్తే మేష్టారు ఆగి, మళ్లీ మొదటికొచ్చి చెబుతారు. కవరులో ఆ ఆగడం ఉండదు. రాత్రి పనంతా అయ్యాక లాంతరు దగ్గర కూర్చుని చదివే మనిషి ఎక్కడ తడబడతాడో ముందే ఊహించి, అక్కడ చెయ్యి అందించేలా రాయాలంటే అది వేరే పని. ఆ పని తెలిసిన మనిషీ వేరే కావాలి.

ఆ మనిషిని తయారుచేసింది ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. 1982 ఆగస్టు 26న, భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా మొదలైన ఈ సంస్థ దేశంలోనే తొలి ఓపెన్ యూనివర్సిటీ. 1991లో దీనికి డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ పేరు పెట్టారు. తొలి ఉపకులపతి జి.రాంరెడ్డి అంతకుముందు ఉస్మానియాకు ఉపకులపతి. ఇక్కడ మూడేళ్లు పనిచేసి, 1985లో ఢిల్లీ వెళ్లి ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికి తొలి ఉపకులపతి అయ్యాడు. ఆ తర్వాత యూజీసీ అధ్యక్షుడూ అయ్యాడు. దేశమంతటి దూరవిద్యకు అచ్చు హైదరాబాదులో పడిందంటే అతిశయోక్తి కాదు. ఇంటర్ లేకపోయినా ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చన్న నిబంధన అందరికీ గుర్తుంటుంది. నాకు అంతకన్నా విలువైనదిగా తోచేది ఆ పుస్తకాల తయారీ పద్ధతి. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ 1969 నుంచి నడిపిన కోర్సు టీమ్ అనే ఏర్పాటును ఇక్కడికి తెచ్చారు. ఒక్క ఆచార్యుడి చేతిలో పుస్తకం పుట్టదు. ఒకరు రాస్తారు, మరొకరు విషయం సరిచూస్తారు, సంపాదకుడు దాన్ని ఇంటి దగ్గర ఒంటరిగా చదివే మనిషికి తగినట్టు విడగొడతాడు.

ఆ పుస్తకాల్లో ఒకదాన్ని విప్పితే ఈ పనితనం కంటికి కనబడుతుంది. పాఠాన్ని భాగాలుగా కోస్తారు, ఒక్కో భాగం ఒకటి రెండు సార్లు కూర్చుంటే అయిపోయేటంత. మొదట్లోనే ఇది చదివాక మీరు ఏం చేయగలుగుతారో నాలుగు మాటల్లో ఉంటుంది. నాలుగైదు పేజీలకోసారి పాఠం ఆగి, ఇప్పటిదాకా చదివింది మీకు అందిందో లేదో చూసుకోమని రెండు ప్రశ్నలు వేస్తుంది. జవాబులు చివర్లో ఉంటాయి. తరగతిలో మేష్టారి చూపు చేసే పనిని ఇక్కడ ఈ ప్రశ్నలు చేస్తాయి. పుస్తకం అంతటా చదివేవాడిని ‘మీరు’ అంటారు. తెలుగు శాస్త్ర గ్రంథాలకు ఆ పిలుపు అంతగా అలవాటు లేదు. పాఠం పాఠకుడితో సాగే సంభాషణలా ఉండాలని స్వీడన్ విద్యావేత్త బోరియె హోంబెర్గ్ సిద్ధాంతం చేశాడు. మనవాళ్లు దాన్ని తెలుగు వాక్యంలో ఆచరించి చూపారు. అయితే ఈ వాక్యం ఉన్నట్టుండి ఊడిపడలేదు. 1968లో పి.వి.నరసింహారావు అధ్యక్షుడిగా ఏర్పడిన తెలుగు అకాడమి పధ్నాలుగేళ్లపాటు పారిభాషిక పదాలు పోగుచేసి, డిగ్రీ పుస్తకాలు వేసి ఉండకపోతే, 1982లో అర్థశాస్త్రాన్నో వృక్షశాస్త్రాన్నో తెలుగులో కూర్చేవారికి చేతిలో పనిముట్లే ఉండేవి కావు.

పాఠం కూర్చేవాడి చేతిలో ఎంత బలం ఉందో నెల్లూరు జిల్లా చూపించింది. అక్కడ 1990ల తొలి సంవత్సరాల్లో సాగిన అక్షరాస్యత ఉద్యమంలో వయోజనుల వాచకంలో ‘సీతమ్మ కథ’ అనే పాఠం ఉండేది. సారా వల్ల చితికిన ఇంటి కథ అది. ‘అ’ అంటే అమ్మ అని చిన్నపిల్లల పాఠాన్నే పెద్దవాళ్లకు అంటగట్టకుండా, వాళ్ల రోజుల్లోంచి ఏరిన కథ. దూబగుంట ఆడవాళ్లు దాన్ని చదివి ఊళ్లో సారా అంగడి మూయించారు. తర్వాతి వాచకంలో వాళ్ల విజయమే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై ఇతర ఊళ్లకు చేరింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. విద్యార్థి నుంచి వచ్చిన స్పందనతో తర్వాతి పాఠాన్ని మార్చుకోవడం డిజిటల్ యుగపు ఆవిష్కరణ అని చెప్పుకుంటున్నారు. నెల్లూరు వాచకాలు రాసినవారు ఇంటర్నెట్ రాకముందే ఆ పని చేశారు.

నా వాదనకు ఒక అభ్యంతరం ఉంది. పాఠం ఎంత బాగున్నా చేరకపోతే ఏం లాభం, ముందు అందుబాటు సంగతి చూడాలి కదా అంటారు. నిజమే, చేరడం మొదటి మెట్టు. కానీ పాఠాన్ని చేర్చడం మీద పెట్టిన శ్రద్ధ అంతా పరికరంతోపాటే వెళ్లిపోయిన సందర్భాలు ఉన్నాయి. 1975 ఆగస్టు నుంచి ఏడాదిపాటు అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెలకు టీవీ పాఠాలు వచ్చాయి. తెలుగు పల్లెలూ అందులో ఉన్నాయి. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని వెనక్కి తీసుకున్నారు. ప్రయోగానికి ముందే పల్లెల్లో ప్రేక్షకులెవరు, వాళ్లకేం కావాలి అని తెలుసుకోవడానికి సామాజిక శాస్త్రవేత్తలను పంపారు. ఆ ప్రయోగంలో చెదరకుండా మిగిలిన ఆస్తి ఆ అధ్యయనమే. 2004లో ఎడ్యుశాట్ ఉపగ్రహం, 2017లో స్వయం అనే ఆన్‌లైన్ కోర్సుల వేదిక, 2022 డిసెంబరులో ఆంధ్రలో ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబులు వచ్చాయి. ఆ ట్యాబుల్లోని పాఠాలు సమకూర్చిన సంస్థ 2024లో దివాలా ప్రక్రియలో పడింది. పరికరం పిల్లల దగ్గర మిగిలింది, పాఠాన్ని సరిదిద్దాల్సినవారు దూరమయ్యారు.

మంచి మేష్టారు కెమెరా ముందు నిలబడితే చాలదా అని మరికొందరు అడుగుతారు. తెలుగులో గ్రూప్స్ పరీక్షలకు పాఠాలు చెప్పే వీడియోలకు లక్షల మంది వీక్షకులున్నారు కదా అంటారు. ఆ మేష్టార్ల ప్రతిభను నేను కాదనను. కానీ అరవై నిమిషాల వీడియో మళ్లీ 1972 నాటి కవరే. ఆగి అడిగే ప్రశ్న లేదు, తప్పు చేస్తే వెనక్కి పిలిచే దారి లేదు. ఐఐటీల ఎన్‌పీటీఈఎల్ కోర్సులను తెలుగులోకి అనువదించడం మెచ్చదగ్గ శ్రమ. అయినా ఇంగ్లీషులో చెప్పే గదిలో, ఇంగ్లీషులో చదివే విద్యార్థి తడబాట్లను చూసి కూర్చిన పాఠం, భాష మారినంత మాత్రాన గంపలగూడెం విద్యార్థి తడబాట్లను పసిగట్టదు. పిల్లలకు ఇంగ్లీషే కావాలి కదా అన్న మాటకు జవాబు ఆంధ్ర పాఠశాలల్లోనే ఉంది. 2020 నుంచి ఎడమ పేజీలో ఒక భాష, కుడి పేజీలో మరో భాష పెట్టి వేసిన ద్విభాషా పుస్తకాలు ఇంగ్లీషు కోరికను కాదనలేదు, తెలుగును వదలనూ లేదు. అది డిజైనర్ ఆలోచనే, పేరు ఏదైనా కావచ్చు.

బరువైన అభ్యంతరం ఇంకొకటి ఉంది: ఓపెన్ యూనివర్సిటీల్లో చేరినవాళ్లంతా పూర్తిచేయలేదు కదా, మరి ఆ పద్ధతిని పొగడడమెందుకు? మధ్యలో ఆగిపోవడం ప్రపంచంలో దూరవిద్య ఉన్న ప్రతిచోటా ఉన్నదే. అయినా దాన్ని కప్పిపుచ్చను. పుస్తకం ఎంత బాగా కూర్చినా, అచ్చయ్యాక టీమ్ చెదిరిపోతే, ఆదివారం స్టడీ సెంటరులో కాంటాక్ట్ క్లాసుకు వచ్చినవాడి సందేహం తర్వాతి ముద్రణలోకి ఎక్కదు. నా విచారం అదే. ఈ వృత్తి ఒకసారి పాఠం చేసి చేతులు దులుపుకునేది కాదు. ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌లో ఆ సందేహాన్ని మర్నాడే పాఠంలోకి ఎక్కించవచ్చు. ఎక్కించే బాధ్యత ఫలానా వారిదని ఎక్కడా రాసి లేదు, అదీ తేడా.

ఓపెన్ యూనివర్సిటీ పుస్తకం లోపలి పేజీలో కోర్సు టీమ్ పేర్లు ఉంటాయి: సంపాదకుడు, రచయితలు, ముఖచిత్రం వేసినవారు. తిరువూరు మండలంలో ఎవరికైనా ఆ పుస్తకంలో తప్పు కనబడితే ఎవరిని అడగాలో తెలుస్తుంది. ట్యాబులో నొక్కితే పాఠం తెరుచుకుంటుంది, కూర్చినవారి పేజీ మాత్రం తెరుచుకోదు. తెలుగులో ఆన్‌లైన్ కోర్సులకు నాయకత్వం వహించేవారు మొదట తిరిగి పెట్టాల్సింది ఆ పేజీనే.